చోడమ్మ తెలుగు

2008 మార్చి పదహారు, ఆదివారం. ఆ మధ్యాహ్నం మేం మోమోలు తిన్నాం, అల్లం పచ్చడి నంజుకుని. మోమోలు చోడమ్మ చేసింది. పచ్చడి నాది. బెల్లం కాస్త ఎక్కువ పడింది. జయంతి ఉంటే వేలి కొసతో రుచి చూసి, మాట్లాడకుండా ఇంత చింతపండు కలిపేసేది. చోడమ్మ మాట్లాడకుండా తినేసింది. రెండూ దయే.

చోడమ్మ అసలు పేరు చోడెన్. టిబెట్ మనిషి. అమెరికాలో సియాటిల్ పక్కన బాతెల్‌లో మా ఇంటి కింది అంతస్తులో అద్దెకుండేది. అంతకు ముందు ఏడాది నా భార్య జయంతి మంచం పట్టినప్పుడు ఇంటికొచ్చి చూసుకోవడానికి ఏజెన్సీ వాళ్ళు పంపారు. మొదటి రోజే దిండు సర్దుతూ, "కొంచెం ఇటు జరగండి అమ్మా" అంది. జయంతి కళ్ళు తెరిచి చూసింది. నేను కాఫీ కప్పుతో గుమ్మంలోనే ఆగిపోయాను.

"తెలుగెలా వచ్చే నీకు?"

"రాజమండ్రి అమ్మా. కోటగుమ్మం. స్వెట్టర్లు."

"ఓ, నేపాలీ స్వెట్టర్ల వాళ్ళా."

"టిబెట్ అమ్మా. అందరూ నేపాలీ అంటది. చెప్పి చెప్పి నోరు నొప్పి. లాస్టుకి బోర్డు మీద కూడా నేపాలీ అనే రాసింది. అలా రాస్తేనే కొంటది."

చిన్నప్పుడు తండ్రి భుజాల మీద కొండ దాటి ఇండియా వచ్చిన పిల్ల. కర్ణాటకలో వాళ్ళ శిబిరం. ఏటా చలికాలం నాలుగు నెలలు రాజమండ్రి ఫుట్‌పాత్. తెలుగంతా అక్కడ నేర్చుకున్నదే. రండి, చూడండి, ఉంది, లేదు, ఫిక్సుడు రేటు. ఆడా మగా తేడా లేదు, అందరూ 'వచ్చింది', 'పోయింది'. నేను ఆఫీసు నుంచి రాగానే "సార్ వచ్చింది అమ్మా" అని కేకేసేది.

"ఇన్నాళ్ళకి మీకు తగ్గ క్రియ దొరికింది" అని జయంతి నవ్వేది. మళ్ళీ తనే, కాలేజీలో తెలుగు చెప్పిన మనిషి కదా, ఊరుకోలేక "మగవాడైతే వచ్చాడు అనాలే చోడమ్మా, పెద్దవారైతే వచ్చారు" అని దిద్దేది.

"ఎందుకమ్మా? స్వెట్టర్ ఆడ, మగ ఒకటే సైజు."

చివరి వారాల్లో జయంతికి ఇంగ్లీషు పూర్తిగా పోయింది. మా అమ్మాయి విద్య ఫ్రిస్కో నుంచి వచ్చి మాట్లాడినా తెలుగులోనే జవాబు. నర్సులకి అర్థమయ్యేది కాదు. చోడమ్మకి అర్థమయ్యేది. అమెరికాలో, ఆ గదిలో, నా భార్య దాహమని అంటే నీళ్ళివ్వడానికి నేను కాక ఇంకో మనిషి ఉండడం ఎంత అదృష్టమో అప్పుడు ఆలోచించలేదు. తర్వాత, ఇల్లు మరీ నిశ్శబ్దమైపోయాక, కింది గది ఖాళీగా ఉంది, ఉంటావా అని అడిగాను. సూట్‌కేసు తెచ్చేసుకుంది.

ఆ ఆదివారం టీవీలో టిబెట్ రాజధాని లాసా చూపిస్తున్నారు. పొగ, పరిగెత్తే మనుషులు, మళ్ళీ మళ్ళీ అవే బొమ్మలు. చోడమ్మ పొద్దుటి నుంచీ ఫోన్ కార్డు మీద నెంబర్లు కొడుతూనే ఉంది. లైను కలవడం లేదు. గోడ పక్కన మెట్టు మీద కూర్చుని, నాలుగు మోమోలు తిని, ప్లేటు పక్కన పెట్టేసింది.

సాయంత్రం ఫోను దానంతటదే మోగింది. ఎప్పుడూ వాళ్ళ భాషలో గబగబా మాట్లాడే మనిషి. ఆ రోజు మెట్ల మీద నుంచి నాకు తెలుగు వినపడింది.

"సార్, రా. ఇది నోర్బు."

నోర్బు ఆమె చిన్నాన్న కొడుకు. కుర్రతనంలో ఇండియా వచ్చి నాలుగు చలికాలాలు ఆమెతో రాజమండ్రిలో స్వెట్టర్లు అమ్మాడు. తల్లికి జబ్బు చేస్తే తిరిగి టిబెట్ వెళ్ళిపోయి అక్కడే లారీ నడుపుతున్నాడు. అక్కడి ఫోన్లు పోలీసులు వింటారు. టిబెటన్ మాట్లాడితే తెలుస్తుంది, చైనీస్ సరేసరి, హిందీ కూడా నమ్మకం లేదు. అందుకని వాళ్ళిద్దరికీ మిగిలింది కోటగుమ్మం.

స్పీకర్‌లో గొంతు నన్ను ఆశ్చర్యపరిచింది. చక్కటి గోదావరి యాస.

"అక్కా, మునిసిపాలిటీ లారీ వచ్చింది. ఫుట్‌పాత్ మొత్తం ఖాళీ. సరుకు ఎత్తుకెళ్ళిపోయారు."

"దీపం?"

"దీపం కూడా లారీలోనే."

చోడమ్మ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. దీపం ఆమె తమ్ముడు. పేరు జింపా. తండ్రి ఆమెను ఎత్తుకుని బయల్దేరినప్పుడు వాడు పాలు తాగే పిల్లాడు. కనుమ దగ్గర ఏడిస్తే అందరూ దొరికిపోతారని నాయనమ్మ దగ్గర వదిలేశారు. వాడు పెరిగి బౌద్ధ సన్యాసి అయ్యాడు. మఠంలో నెయ్యి దీపాలు చూసుకోవడం అతని పని. అందుకే ఫోన్‌లో ఆ పేరు. దలైలామాని తిడుతూ కాగితం మీద సంతకం పెట్టమని మఠంలో అందరినీ వరసగా కూర్చోబెట్టారట. పెట్టనివాళ్ళని లారీ ఎక్కించారు. ఇదంతా తర్వాత తెలిసింది.

నేను ఫోన్ దగ్గరికి వంగి, "బాబూ, నా పేరు లక్ష్మీపతి. మాదీ రాజమండ్రే" అన్నాను. ఆ సమయంలో ఎందుకన్నానో తెలియదు.

"అయ్యబాబోయ్. ఏ పేటండి?"

"దానవాయిపేట."

"మా మామ్మగారిల్లు ఇన్నీసుపేటండి. అక్కావాళ్ళు ఆడాళ్ళంతా సత్రంలో ఉండేవారు, నన్ను మామ్మగారు అరుగు మీద పడుకోనిచ్చేది." నవ్వు చప్పుడు, దాని వెనకే ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"మమ్మల్ని ఏం చెయ్యమంటావు బాబూ?"

"బేరం ఆడండి. అక్కడ అందరి చేతా ఆడించండి. పేరు పెట్టి అడగండి. అడిగేవాళ్ళుంటే సరుకు జాగ్రత్తగా చూస్తారండి. ఎవరూ అడగని మూటనే ఎలకలు కొట్టేది."

నేను బయోటెక్ కంపెనీలో ముప్ఫై ఏళ్ళు ప్రోటీన్లు శుద్ధి చేసి, ఆ జనవరిలోనే రిటైరయ్యాను. రాజకీయాలు నాకు తెలియవు. కానీ ఒక మనిషిని లోపల పెట్టినప్పుడు బయటివాళ్ళు అరవడం వల్ల ఏం ఒరుగుతుంది అన్న ప్రశ్నకి అంతకంటే తేటగా జవాబు చెప్పినవాళ్ళని తర్వాత కూడా చూడలేదు.

*

సియాటిల్‌లో టిబెట్ కోసం పనిచేసే చిన్న బృందం ఒకటుంది. దాన్ని నడిపేది కారెన్ అనే ఆవిడ, లైబ్రేరియన్‌గా చేసి మానేసింది. శనివారాలు డౌన్‌టౌన్‌లో అట్టలు పట్టుకుని నిలబడేవాళ్ళం. ఏడెనిమిది మందిమి. వాన. జనం కాఫీలతో మా పక్క నుంచి పోయేవారు. జింపా ఫోటో ఒకటే ఉంది, నోర్బు ఎప్పుడో తీసి పంపింది. దీపాల గదిలో వంగి వత్తి సరిచేస్తున్నాడు. వెలుగు కింది నుంచి పడి గడ్డం, ముక్కు కొస మాత్రం బాగా కనిపిస్తాయి. కళ్ళు నీడలో ఉన్నాయి.

"నా ముక్కే కదా సార్?" అని చోడమ్మ ప్రతి శనివారం అడిగేది.

"నీ ముక్కే."

ఏప్రిల్‌లో, చైనాలో జరగబోయే ఒలింపిక్స్ జ్యోతి శాన్‌ఫ్రాన్సిస్కో వస్తుందంటే రెండు కార్లలో వెళ్ళాం. చోడమ్మ దారంతా తమ్ముడి ఫోటో అంటించిన అట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సముద్రం ఒడ్డున రోడ్డుకి ఒక పక్క మేం, ఎదురుగా చైనా ఎర్రజెండాలతో వాళ్ళు. మాకంటే ఎక్కువమంది. పొద్దుటి నుంచీ నిలబడ్డాం. జ్యోతి రాలేదు. దారి మార్చేసి వేరే వీధుల్లోంచి తీసుకుపోయారని ఎవరికో ఫోన్‌లో తెలిసింది. అప్పటికి గొంతులు పోయాయి.

జనం కదలడంతో తోపులాట అయింది. చోడమ్మ చేతిలో అట్ట జారి రోడ్డు మీద పడింది. ఎదుటి పక్క అమ్మాయి, కాలేజీ పిల్ల, బుగ్గ మీద ఎర్రజెండా రంగు వేసుకుని ఉంది, వంగి తీసింది. ఫోటో చూసింది. మీద పడిన బూటు గుర్తును చొక్కా చేతితో తుడిచి, చోడమ్మకి ఇచ్చేసి, మళ్ళీ వాళ్ళవాళ్ళలోకి వెళ్ళిపోయి జెండా ఊపింది.

"మంచి పిల్ల" అంది చోడమ్మ. "దానికి ఎవరూ చెప్పలేదు, అంతే."

తిరుగు దారిలో ఓరెగాన్‌లో ఎక్కడో ఆగి అన్నం తిన్నాం. నేను ఇంట్లోంచి పట్టుకెళ్ళిన పులిహోర. కారెన్‌కి పల్లీలు పంటి కింద పడుతుంటే ముచ్చటేసింది. జ్యోతిని చూడకుండానే వెయ్యి మైళ్ళు తిరిగామని అందరం కాసేపు నవ్వుకున్నాం.

ఆ నెలలోనే మా తెలుగువాళ్ళ ఉగాది. నేను సంతకాల కాగితం పట్టుకుని ఉగాది పచ్చడి గిన్నె పక్కనే నిలబడ్డాను. పచ్చడి కోసం ఎలాగూ అందరూ రావాలి. మా వీధి చివర ఉండే గౌరీశంకర్ దొన్నె పట్టుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని మొత్తం చదివాడు.

"లక్ష్మీపతి గారూ, మన ఆంధ్రా తెలంగాణా గొడవే తేలలేదు. మీరు టిబెట్ తేలుస్తారా?"

"తేల్చను. అడుగుతానంతే."

"నాకు జూన్‌లో షాంఘై ట్రిప్ ఉంది. ప్రాజెక్ట్ కిక్ ఆఫ్. వీసా రిజెక్ట్ అయితే మా మేనేజర్‌కి మీరు ఆన్సర్ చేస్తారా?"

"వద్దులెండి మరి."

అతను వెళ్ళిపోయాడు. కాసేపటికి భార్యని వెంటబెట్టుకొచ్చి, "ఈవిడకి షాంఘైలో పనేం లేదు" అని ఆమె చేత సంతకం పెట్టించాడు. తర్వాత ఆమె చేతిలో పెన్ను లాక్కుని, కింద గీత మీద తన పేరు కూడా తెలుగులో బరికాడు. "ఇది వాళ్ళు చదవలేరులెండి."

మా ప్రాంతం కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకి కారెన్, చోడమ్మ, నేను మూడుసార్లు వెళ్ళాం. అక్కడ రాజీవ్ అని ఒక కుర్రాడు, గుజరాతీ వాళ్ళబ్బాయి, మాకు మంచినీళ్ళ సీసాలు ఇచ్చి ఓపిగ్గా రాసుకునేవాడు. ఒలింపిక్స్ మొదలయ్యేలోగా కొందరు సభ్యులు కలిసి ఖైదీల పేర్లతో చైనా ప్రభుత్వానికి ఒక ఉత్తరం పంపుతున్నారు. అందులో జింపా పేరు ఎక్కాలి. మాకు కావలసింది అదొక్కటే. జూన్ చివర ఫోన్ చేసి ఎక్కుతుందన్నాడు.

నోర్బు అప్పుడప్పుడు చేసేవాడు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. "సరుకు గోడౌన్‌లోనే ఉందంట. తడవలేదంట." ఆ మాట విన్న రోజు చోడమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తూ పాట పాడింది. తడవలేదు, తడవలేదు అని నాకు కూడా రెండుసార్లు చెప్పింది, నేను వినలేదేమో అన్నట్టు.

*

జూలై ఆఖర్న నేను ఫ్రిస్కో వెళ్ళి విద్య దగ్గర వారం పైన ఉండి వచ్చాను. ఎయిర్‌పోర్ట్ నుంచి సాయంత్రం ఇల్లు చేరేసరికి కింది అంతస్తు తలుపులూ కిటికీలూ అన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. తడి నేల వాసన, దేవదారు ధూపం. చోడమ్మ తల మీంచి స్నానం చేసి, పసుపుపచ్చ చొక్కా వేసుకుని ఎదురొచ్చింది. నా చేతిలో బ్యాగు తను అందుకుంది.

"సార్ వచ్చింది. నేను ఫోన్‌లో చెప్పలేదు. ఇంట్లో చెప్పాలి అనుకుంది."

"ఏమిటి?"

"నోర్బు చేసింది. నువ్వు ఊరెళ్ళిన మర్నాడే." కళ్ళు మూసుకుని, అప్పజెప్పినట్టు ఒక్కొక్క మాటా పలికింది. "నూనె నిండుకుంది. దీపం కొండెక్కింది."

నేను ఆమె ముఖంలోకి చూశాను.

"కొండ సార్." చెయ్యెత్తి, కిటికీ బయట ఫర్ చెట్ల మీదుగా ఎక్కడికో చూపించింది. "నాన్న నన్ను మోసిన కొండ. ఎలాగో వదిలేసింది వాడిని. నూనె నిండుగా ఉంది, అంటే తిండి, బట్ట, అన్నీ ఉంది. ఇంక నేపాల్. తర్వాత ఢిల్లీ. తర్వాత నేను పేపర్లు పెడతాను."

"నోర్బు ఇంకేమన్నాడు?"

"ఏమీ అనలేదు. ఏడ్చింది. నేను కూడా ఏడ్చింది. ఇద్దరం సంతోషం."

చెయ్యి పట్టుకుని తన గది పక్క గదిలోకి తీసుకెళ్ళింది. నా పాత జర్నల్స్ పెట్టెలు పడేసి ఉండే గది. పెట్టెలన్నీ గరాజ్‌లోకి మారిపోయాయి. గోడలు కడిగింది. మంచం, కొత్త దుప్పటి, కుర్చీ, కుర్చీ మీద తువ్వాలు. మంచం కింద రెండు జతల చెప్పులు.

"రెండెందుకు?"

"సైజు తెలియదు కదా సార్." సిగ్గుపడింది. "ఎవరినైనా చూస్తే సైజు చెప్తాను. వీడిని చూడలేదు."

మన ఇళ్ళలో బియ్యం అయిపోయాయి అనరు. నిండుకున్నాయంటారు. దీపం ఆరిపోయింది అనరు. కొండెక్కిందంటారు. ఎవరు నేర్పారో గుర్తుండదు. చిన్నప్పుడు ఒకసారి అనకూడని మాట అంటే నెత్తి మీద ఒకటి పడి ఉంటుంది, అంతే. ఫుట్‌పాత్ మీద తెలుగు నేర్చుకున్న మనిషికి అది నేర్పేవాళ్ళెవరు? అక్కడ సరుకు అయిపోతే లేదు అంటారు.

కానీ నోర్బుది కూడా ఫుట్‌పాత్ తెలుగే కదా. అతను కూడా ఉత్త కొండ గురించే అని ఉండవచ్చు కదా. ఆమె వడ్డించిన అన్నం తింటున్నంతసేపూ నేను ఆ ఒక్కదాన్నే పట్టుకుని కూర్చున్నాను. బంగాళాదుంప కూర. బాగా చేసింది. ఆమె ఆ సాయంత్రం నర్సింగ్ హోమ్‌లో డ్యూటీకి వెళ్తూ వెళ్తూ తలుపులో ఆగింది.

"సార్, రాజీవ్‌కి చెప్పాలి. ఉత్తరంలో తమ్ముడు పేరు తీసెయ్యి, ఇంకో పేరు పెట్టు అని. పాపం, ఇంకా లోపల ఎంతమంది ఉంది."

"రేపు చూద్దాంలే అమ్మా."

కారు వెళ్ళిపోయాక ఫ్రిజ్ మీద అంటించిన నెంబరు చూసి నేనే ఫోన్ కలిపాను. అక్కడ పొద్దున్న. చాలాసేపు మోగాక నోర్బే ఎత్తాడు.

"బాబూ, దానవాయిపేట."

"చెప్పండి బాబుగారూ."

"దీపం సంగతి అక్క చెప్పింది. కొండెక్కిందన్నావట. ఆ మాట నీకు ఎవరు నేర్పారు?"

అవతల లారీ ఇంజను చప్పుడు. ఎవరో అరుస్తున్నారు. అది దూరమయ్యేదాకా అతను మాట్లాడలేదు.

"మామ్మగారండి. కరెంటు పోయినప్పుడు లాంతరు ఆరిపోయిందని అన్నాను. మొట్టికాయ వేసింది. ఆరిపోయింది అనకూడదురా, కొండెక్కింది అనాలి అని." మళ్ళీ తనే అన్నాడు. "మొన్న ఫోన్‌లో ఆ మాట చెప్తే అక్క నవ్విందండి. అది విని నవ్విందేంటా అనుకున్నాను. ఏడుపు నవ్వులా వినపడిందేమో అనుకున్నాను."

"సరుకు వాపసు ఇచ్చారా?"

"చిన్న డబ్బాలో ఇచ్చారండి."

నా చేతిలో పెన్ను ఉంది. ఏమీ రాయడానికి లేదు.

"కొండెక్కినదాన్ని మళ్ళీ వెలిగించొచ్చా బాబూ?"

"ఇక్కడ కుదరదండి. మఠం తలుపులు వేసేశారు. మీరక్కడ వెలిగించండి. అక్క చేత వెలిగించండి." మళ్ళీ, చిన్న పిల్లాడిలా, "మీరే చెప్తారా అండి?"

"చెప్తాను."

*

పొద్దున్న డ్యూటీ దిగి వచ్చి, యూనిఫారంలోనే టీ పెట్టి, నాకొక కప్పు తెచ్చి ఇచ్చింది. వాళ్ళ ఉప్పు టీ కాదు, నా పాల టీ. బల్లకి అటు పక్క కూర్చుంది.

చెప్పడానికి మాటలు వెతుక్కున్నాను. జయంతి వెళ్ళినప్పుడు ఫోన్‌లో అందరికీ ఎన్ని రకాలుగా చెప్పాను. పోయింది. వెళ్ళిపోయింది. దాటిపోయింది. మన మాటలన్నీ ప్రయాణాలే. ఏది అన్నా చోడమ్మకి ఆ కొండ దాటినట్టే వినపడుతుంది. మిగిలిన ఒక్క మొరటు మాట నా నోటికి రాలేదు.

"చోడెన్."

ఆ పేరుతో పిలిచేసరికి కప్పు కింద పెట్టింది.

"నోర్బుతో మాట్లాడాను."

"నేపాల్ వచ్చిందా?"

"లేడమ్మా."

"లేదా? ఇంకా రాలేదా?"

"లేడు."

ఆమె నా నోటివైపు చూస్తూ ఉండిపోయింది. పెదాలు కదిలాయి. జయంతి ఎన్నాళ్ళు దిద్దినా నిలవని ఆ చివరి అక్షరం తిన్నగా పలికింది.

"లేడు" అంది.

టీ మీద మీగడ కట్టింది. బయట చెత్త లారీ వచ్చి, డబ్బా ఎత్తి, వెళ్ళింది. కాసేపటికి నేను నిండుకోవడం అంటే ఏమిటో, కొండెక్కడం అంటే ఏమిటో చెప్పాను. నోర్బు చెప్పిన చిన్న డబ్బా సంగతి కూడా చెప్పాను. ఆమె అడ్డు రాకుండా వింది.

"అంత మంచి మాట ఎందుకు పెట్టింది సార్, దానికి?"

"చెడు నోటితో అనకూడదని."

తల ఊపింది. ముంజేతి మీద వాచీ పట్టీని తిప్పుతూ కూర్చుంది. నాతో కాదు, కప్పుతో అన్నట్టు అంది.

"నా దగ్గర వారం ఎక్కువ బతికింది."

*

మధ్యాహ్నానికి కారెన్ వచ్చింది. వస్తూనే చోడమ్మ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని, రెండు పాదాలూ చేతుల్లోకి తీసుకుంది. తర్వాత అడగక తప్పదు కాబట్టి అడిగింది, ఉత్తరంలో పేరు ఏం చెయ్యమంటావని.

"ఉంచండి" అంది చోడమ్మ ఇంగ్లీషులో. "ఎలా అయిందో అడగండి. నా తమ్ముడి పేరు కింద ఇంకో పేరు కూడా పెట్టండి, బతికున్న వాళ్ళది. వాళ్ళని ఇప్పుడే అడగండి. ఇవాళే."

కారెన్ వరండాలోకి వెళ్ళి రాజీవ్‌కి ఫోన్ చేసింది. ఆ రెండో పేరు ఎవరిది పెట్టారో నాకు గుర్తు లేదు. ఒక ముసలి సన్యాసిది అనుకుంటాను. అతనేమయ్యాడో మాకు తెలియలేదు. ఉత్తరం వెళ్ళింది. జవాబు రాలేదు. ఒలింపిక్స్ అనుకున్న రోజుకే మొదలయ్యాయి.

గౌరీశంకర్ దంపతులు ఒక పెద్ద గిన్నెడు నెయ్యి తెచ్చారు. ఎవరు చెప్పారో తెలియదు. "కాస్ట్కో వెన్న, ఇంట్లోనే కాచాం" అన్నాడు. ఇంకేమనాలో తెలియక, "షాంఘై ట్రిప్ క్యాన్సిలైందిలెండి, వీసా వల్ల కాదు, బడ్జెట్" అన్నాడు. చోడమ్మ అతన్ని చూసి కొంచెం నవ్వింది. ఆ మాటకి ఆ రోజు నవ్వగలిగిన మనిషికి, ఆ మాట అనగలిగిన మనిషికి ఇద్దరికీ నేను మనసులో దండం పెట్టుకున్నాను.

ఇంట్లో వెలిగిస్తే పొగకి అలారం మోగుతుందని గరాజ్‌లో పెట్టాం. గిన్నెలు, మూతలు, జయంతి పింగాణీ పచ్చడి కప్పులు, ఏవి దొరికితే అవి. వత్తులు నేను చేశాను. చోడమ్మ వాళ్ళవాళ్ళు సియాటిల్ నుంచి పదిహేను మంది దాకా వచ్చారు. వాళ్ళ ప్రార్థన లోతైన గొంతుతో, ఎక్కడా ఆగకుండా, గరాజ్ తలుపు రేకు సన్నగా అదిరేటట్టు సాగింది. మా ఎదురింటి ముసలాయన కుక్కని తిప్పుతూ వచ్చి, రోడ్డు మీద ఆగి, టోపీ తీసి, అది ముగిసేదాకా నిలబడ్డాడు. ఏమిటని అడగలేదు.

చీకటి పడుతుండగా ఒక్కొక్క కారూ వెళ్ళిపోయింది. ప్లేట్లు కడిగి, మంచినీళ్ళ సీసా పట్టుకుని నేను కిందికి దిగాను. చోడమ్మ పక్క గదిలో ఉంది. లైటు స్విచ్ వేయలేదు. నడవలో బల్బు వెలుతురు మంచం సగం దాకా పడుతోంది.

దుప్పటి తీసేస్తుందేమో అనుకున్నాను. తీయలేదు. నలిగిన చోట అరచేత్తో సాపు చేసింది. కుర్చీ మీది తువ్వాలు మడత విప్పి మళ్ళీ మడిచింది. వంగి, మంచం కింద చెప్పులు చూసి, రెండు జతలూ గోడ వైపుకి జరిపింది.

నేను సీసా ఆమె గది ముందు మెట్టు మీద పెట్టి వెనక్కి తిరిగాను. చూసిందో లేదో. కిటికీ రెక్క వేసినట్టు వినిపించింది. బయటికొచ్చి, పిల్లలు నిద్రపోయిన గది తలుపు వేసేవాళ్ళలాగా, పిడి పూర్తిగా తిప్పి పట్టుకుని, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసింది.